అమ్మాయిని ఏడాదిపాటు జర్మనీలో హోస్ట్ ఫ్యామిలీ ఇంటికి పంపడం: వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి

బ్రాడీపేట అమ్మ:

మాది గుంటూరు. మా పెద్దమ్మాయి ఈ ఏడాది టెన్త్ రాసింది. రోటరీ క్లబ్‌ల యూత్ ఎక్స్‌ఛేంజ్‌లో (ఇక్కడి పిల్లలు అక్కడికి, అక్కడి పిల్లలు ఇక్కడికి వెళ్లి ఏడాది చదువుకునే ప్రోగ్రామ్) జర్మనీకి సెలెక్ట్ అయింది. ఆగస్టులో వెళ్తే మళ్లీ వచ్చే జూన్, జులైలోనే రావడం. అక్కడ హాస్టల్ ఉండదు, ఎవరో ఒక కుటుంబంతో వాళ్లింట్లోనే ఉండాలి. అదీ ఏడాదంతా ఒకే ఇల్లు కాదట, మధ్యలో మారుస్తారట. పిల్లకి సంబరం, మా ఆయనకి సగం సంబరం. మా అత్తగారు మాత్రం "ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో ఆడపిల్లని వదిలేస్తారా" అని పొద్దున్నే మొదలుపెడతారు. పైకి అనడం లేదు గానీ నాకూ అదే టెన్షన్.

ఆ కుటుంబాలకి డబ్బులిస్తారా? ఇవ్వకపోతే ఎందుకు పెట్టుకుంటారు? మేం చికెన్, చేపలు తింటాం, బీఫ్, పోర్క్ ముట్టం. అక్కడ పదహారేళ్లకే బీరు తాగొచ్చని విన్నాను, నిజమేనా? ఇంటర్ ఒక ఏడాది వెనకబడితే తర్వాత ఇబ్బందా? వెళ్లేలోపు పిల్లకి ఏం నేర్పాలి?

ఇంటర్ లెక్చరర్, విజయవాడ:

చదువు సంగతి వరకు చెప్తాను మేడమ్. జేఈఈకి భయం లేదు. మెయిన్ అయినా అడ్వాన్స్‌డ్ అయినా ఎన్నిసార్లు రాయొచ్చనేది ఇంటర్ పాసైన ఏడాది నుంచే లెక్క, దానికి ముందు గ్యాప్ ఉంటే అడ్డు కాదు. చూసుకోవాల్సింది ఈఏపీసెట్‌లో లోకల్ స్టేటస్. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవే. ఇంటర్ సెకండియర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు చూపించాలి. మీ అమ్మాయికి టెన్త్‌కీ ఇంటర్‌కీ మధ్య విదేశీ ఏడాది వస్తుంది కాబట్టి ఆ వరస తెగిందా అనే ప్రశ్న వస్తుంది. ఏడేళ్ల చదువు చూసే నిబంధన ఇంకొకటి ఉంది, దాని కింద చూస్తారేమో వెళ్లకముందే కన్వీనర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. టెన్త్ దాకా ప్రతి తరగతి స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తీసిపెట్టుకోండి. తర్వాత స్కూళ్ల చుట్టూ తిరగడం మామూలు పని కాదు.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా అమెరికాకి పంపుతుంటే ఒక మాట. అక్కడి ప్రభుత్వ ఖర్చుతో జె-1 అనే ఎక్స్‌ఛేంజ్ వీసా మీద వెళ్తే, తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడ ఉండేదాకా హెచ్-1బీ గానీ గ్రీన్‌కార్డు గానీ రాదు. చదువుకోడానికి మళ్లీ ఎఫ్-1 మీద వెళ్లొచ్చు. మన జిల్లాల్లో ఈ లెక్క తెలియకపోతే ఎలా!

సత్యనారాయణపురం అమ్మాయి:

ఆంటీ, నేను విజయవాడ నుంచి ఇదే ప్రోగ్రామ్‌లో జర్మనీ వెళ్లొచ్చాను. చిన్న ఊరు, సాయంత్రం ఆరు దాటితే రోడ్డు మీద పిల్లి కూడా కనబడదు.

డబ్బులివ్వరు. టికెట్, ఇన్సూరెన్స్, వీసా మనవి. ఉండటం, తిండి ఆ కుటుంబానివి. నెలనెలా కొంచెం పాకెట్ మనీ అక్కడి క్లబ్ ఇస్తుంది. నా మొదటి ఇంటివాళ్ల పెద్దబ్బాయి అదే ఏడాది ఎక్స్‌ఛేంజ్ మీద బ్రెజిల్ వెళ్లాడు. వాడి గది ఖాళీ, అందులో నేను. వాళ్ల పిల్లాణ్ని అక్కడెవరో చూసుకుంటున్నారు కాబట్టి వీళ్లు నన్ను చూసుకున్నారు. మామ్మగారికి ఈ మాట చెప్పి చూడండి. ఇంటికొచ్చి చూసి, పెద్దవాళ్ల మీద పోలీసు రికార్డులు చూశాకే పిల్లల్ని పెడతారని కూడా చెప్పండి. ఆ కుటుంబానికి సంబంధం లేని ఒక కౌన్సెలర్ విడిగా ఉంటారు. ఆ నంబరు మీ ఫోన్లో కూడా ఉండాలి.

బీరు నిజమే. బీరు, వైన్ అక్కడ పదహారేళ్లకి చట్టం ఒప్పుకుంటుంది. కానీ మందు, డ్రగ్స్, డ్రైవింగ్, డేటింగ్ నాలుగూ వద్దని రోటరీ ముందే చెప్తుంది. భోజనాల దగ్గర పెద్దవాళ్లు తాగుతుంటే నాకు ఆపిల్ జ్యూస్ పోసేవాళ్లు. ఎవరూ బలవంతపెట్టలేదు.

ఇక ఏం నేర్పాలి అన్నారు కదా. నోరు తెరిచి అడగడం నేర్పండి. వంట, ఇస్త్రీ అవన్నీ తర్వాత.

నేను వెళ్లిన రోజు రాత్రి టేబుల్ మీద బ్రెడ్, చీజ్, కోసిన కీరదోస, టమాటా. అసలు భోజనం తర్వాత వస్తుందేమో అనుకున్నాను. అదే భోజనం. చాలా ఇళ్లలో వేడిగా తినేది మధ్యాహ్నమే. "ఇంకొంచెం కావాలా" అని ఆవిడ అడిగితే వద్దన్నాను. మనింట్లో అయితే రెండోసారి అడుగుతారు, మూడోసారి కొసరి వడ్డించేస్తారు కదా. అక్కడ ప్లేటు అవతలికి వెళ్లిపోయింది. ఆకలితో పడుకున్నాను. ఆ వారమంతా మా అమ్మ ఫోన్లో "పెట్టింది తిను, ఏదీ అడగకు, వాళ్లని ఇబ్బంది పెట్టకు" అని ఒకటే పాఠం. దయచేసి మీరు ఆ మాట అనకండి ఆంటీ. అడక్కపోతే దీనికి అక్కర్లేదనే అనుకుంటారు. వారం తర్వాత నాకు రాత్రి అన్నం లేకపోతే నిద్ర పట్టడం లేదని చెప్పేశాను. "మొదటి రోజే చెప్పొచ్చుగా" అని ఆవిడే ఆశ్చర్యపోయింది. అప్పట్నుంచి రాత్రి నా అన్నం నేనే వండుకునేదాన్ని. పోర్క్ అక్కడ చాలా వాటిలో ఉంటుంది, సూప్‌లో కూడా చిన్న ముక్కలు వేస్తారు. అప్లికేషన్‌లో స్పష్టంగా రాయండి, అమ్మాయి కూడా ప్రతి ఇంట్లో మళ్లీ చెప్పాలి.

వాళ్లు కూడా మొహం మీదే చెప్తారు. రెండో ఇంట్లో ఆంటీ నా గది తలుపు తట్టి "నువ్వు షవర్ కింద చాలాసేపు ఉంటున్నావు, వేడినీళ్ల బిల్లు పెరుగుతోంది" అంది. మన దగ్గర ఇంటికొచ్చిన చుట్టాలతో ఇలా అనరు, వాళ్లు వెళ్లాక పక్కింటావిడతో అంటారు. నేను రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. ఆవిడ చెప్పేసి మర్చిపోయింది, నా అలక ఆవిడకి తెలియనే లేదు. ఆ ఇంట్లో నాకు సర్దుకోలేదు గానీ కారణం ఆవిడ కాదు. వాళ్ల అమ్మాయిది నా వయసే. స్కూల్లో తన ఫ్రెండ్స్ మధ్యకి నేను రావడం దానికి ఇష్టం లేదు. ఎందుకుంటుంది లెండి, నన్నెవరూ దాన్ని అడిగి తెచ్చుకోలేదు. కౌన్సెలర్‌కి చెప్తే అనుకున్నదానికంటే ముందే మూడో ఇంటికి మార్చారు. అక్కడ రిటైరైన దంపతులు. పొద్దున పేపరు తీసి నాచేత హెడ్డింగులు చదివించేవారు, నాకు కాస్తో కూస్తో జర్మన్ వచ్చింది అక్కడే.

స్కూల్లోనూ అంతే. క్లాసులో నోటితో చెప్పే జవాబులకి మార్కులు గట్టిగా ఉంటాయి. టెన్త్ దాకా చేతులు కట్టుకుని కూర్చున్న మనకి చెయ్యెత్తడమే పెద్ద పని.

ఫోన్ వారానికోసారి చాలు, ఆదివారం పెట్టుకోండి. ఆ రోజు షాపులన్నీ మూసేస్తారు, అందరూ ఇంట్లోనే ఉంటారు. మనం ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందుంటాం. రోజూ రాత్రి వీడియో కాల్‌లో ఉంటే పిల్ల గదిలోంచి బయటికి రాదు. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడిపోతుంది, స్కూలుకి వెళ్లేదీ చీకట్లోనే. ఒక రోజు ఏడుస్తూ ఫోన్ చేస్తుంది. వెంటనే టికెట్లు వెతక్కండి. మర్నాడు మళ్లీ మాట్లాడండి.

పటమట పెద్దమ్మ:

నేను అటువైపు కాదమ్మా, ఇటువైపు. మా అబ్బాయి వెళ్లిన ఏడాది మా ఇంట్లో ఫ్రాన్స్ పిల్లాడు ఉన్నాడు. వచ్చిన ఇరవై నాలుగు గంటల్లో ఫారం-సీ అని, ఇంట్లో విదేశీయుడు ఉన్నాడని ప్రభుత్వానికి తెలిపేది, ఆన్‌లైన్‌లో నింపాల్సి వచ్చింది, ఆ గాభరాలో వాడికి కాఫీ ఇచ్చానో లేదో కూడా గుర్తులేదు.

స్కూలు నుంచి రాగానే గదిలోకెళ్లి తలుపేసుకునేవాడు. వీడికి మా ఇల్లు నచ్చలేదేమో అని నేను అరగంటకోసారి తలుపు కొట్టి పళ్లో, జంతికలో ఇచ్చేదాన్ని. చివరికి వాడే మెల్లగా "ఆంటీ, నాకు ఒక గంట ఒంటరిగా ఉండటం ఇష్టం" అన్నాడు. నాకు చురుక్కుమంది. మా ఆయన నవ్వి, "నీకూ ఉంటే బాగుండు ఆ గంట" అన్నారు. పైన అమ్మాయి చెప్పింది నిజం, చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

దసరాకి అమ్మవారి దర్శనానికి తీసుకెళ్తే క్యూలో గంటలు గంటలు విసుక్కోకుండా నిలబడ్డాడు. పునుగులకి మాత్రం బానిసైపోయాడు. మీ అత్తగారితో చెప్పమ్మా, పరాయి పిల్లని పెట్టుకున్నవాళ్లకీ రాత్రుళ్లు నిద్ర పట్టదని. వాడికి జ్వరమొస్తే వాళ్లమ్మకంటే ముందు నేను భయపడ్డాను.

బ్రాడీపేట అమ్మ:

అందరికీ థాంక్స్. మా అత్తగారికి పెద్దమ్మగారి మాట చదివి వినిపించాను. "సరే, నెయ్యి ఎంత పంపుదాం" అన్నారు. లోకల్ స్టేటస్ సంగతి మాకు తట్టనే లేదు, సోమవారం మా ఆయన కనుక్కుంటారు. నెయ్యి, పాలకోవా పంపొచ్చా? వాళ్లకి ఏం ఇస్తే బాగుంటుంది?

సత్యనారాయణపురం అమ్మాయి:

నెయ్యి, కోవా రెండూ వద్దు ఆంటీ. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. కందిపొడి, కారప్పొడి పెట్టండి, అక్కడి వెన్న వేసుకుని తింటుంది. ఆవకాయ కొంచెం చాలు, రెండు కవర్లలో సీల్ చేయించి చెకిన్ బ్యాగులో పెట్టండి.

బహుమతికి మంగళగిరి కాటన్ దుపట్టాలు తీసుకోండి. నేనిచ్చినవి మెడకి స్కార్ఫుల్లా చుట్టుకున్నారు. కొండపల్లి బొమ్మలు కూడా బాగుంటాయి, తేలిక. కాకపోతే అంబారీ ఏనుగు తొండం విరుగుతుంది, ఎడ్లబండి తీసుకోండి. ఇంటికొకటి చొప్పున, ఇంకొకటి కౌన్సెలర్‌కి.