బరువు తగ్గాక కూడా కేలరీల యాప్‌లో రాస్తూనే ఉండాలా?

గోధూళి
అందరికీ నమస్కారం. రెండేళ్ళ కిందట 14 కిలోలు తగ్గాను. అప్పట్నించీ 63, 64 మధ్యే తిరుగుతున్నాను. ఇందులో నా గొప్ప కన్నా ఫోన్లో ఉన్న కేలరీల యాప్ గొప్పే ఎక్కువ. ఒక్క పూట వదలకుండా 812 రోజులు రాశాను.

మొన్న స్నేహితురాలింటికి భోజనానికి వెళ్ళాను. ఆవిడ వడ్డిస్తోంది, నేను బల్ల కింద ఫోన్ పెట్టుకుని వెతుకుతున్నాను. ఒకే వంటకానికి యాప్‌లో ఐదు ఎంట్రీలు. ఒక గిన్నెకి ఒకరు 180 అని పెట్టారు, ఇంకొకరు 410 అని పెట్టారు. ఏది నొక్కాలో తేలక 290 నొక్కాను. కారణమేం లేదు, మధ్యలో ఉంది కనక. తలెత్తితే ఆవిడ "ఏం, బాగాలేదా?" అంటోంది. అప్పటికి నేనింకా నోట్లో ముద్ద పెట్టలేదు.

ఇంటికొచ్చాక అదే ఆలోచన. తగ్గడానికైతే ఒక గడువుంటుంది. నిలబెట్టుకోవడానికి గడువేముంది? అరవయ్యేళ్ళొచ్చినా ఇలా బల్ల కింద వెతుక్కుంటూనే ఉండాలా? మానేస్తే మళ్ళీ పెరుగుతానేమోనని భయం. ఐదేళ్ళు దాటినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

తూకంరాయి
రాస్తూనే ఉండండి. నాకు ఆరేళ్ళు నిండాయి. రోజుకి నాలుగైదు నిమిషాలు. పళ్ళు తోముకోవడానికీ అంతే పడుతుంది. జీవితాంతం తోముకోవాలా అని ఎవరైనా అడుగుతారా?

తిండి విషయంలో మన కన్ను మనకే అబద్ధం చెబుతుంది. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. "రోజుకి 1200 కేలరీల లోపే తింటున్నాం, అయినా తగ్గడం లేదు" అనేవాళ్ళని పిలిచి కొలిచారు. తిన్నది సగటున 47 శాతం తక్కువ చెప్పారు, ఒళ్ళు వంచింది 51 శాతం ఎక్కువ చెప్పారు. వాళ్ళ ఒంట్లో వేరే లోపమేమీ కనపడలేదు.

కొత్తవాళ్ళకి ఒక కిటుకు. నూనె చెంచాతో కొలవకండి. నూనె సీసాని డిజిటల్ తూకం మీద పెట్టి సున్నా నొక్కండి. మూకుట్లో పోసి, సీసా మళ్ళీ తూకం మీద పెట్టండి. మైనస్ 31 అని చూపిస్తే 31 గ్రాములు పోశారన్నమాట. గ్రాముకి 9 కేలరీల లెక్కన 280 దాకా. "రెండు చెంచాలేగా" అనుకున్న చోట మొదటిసారి ఇది చూసి నేను సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పాతచొక్కా
పళ్ళు తోముకునేవాళ్ళెవరూ రాత్రి పదకొండింటికి "ఇంకా 37 మిగిలాయి" అని లేచి వంటింట్లోకి వెళ్ళరండీ.

నా యాప్ 2011లో కుట్టించుకున్న తెల్లచొక్కా. నెలకోసారి వేసుకుంటాను. మూడో గుండీ పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సొస్తే ఆ నెలంతా రాత్రి తిండి సగం. చార్జింగ్ అక్కర్లేదు, అప్‌డేట్లు రావు.

తూకంరాయి
గుండీ బిగిసే సరికే మూడు కిలోలు ఎక్కి ఉంటారు.

పాతచొక్కా
ఎక్కితే దిగుతాను. ఎక్కడం దిగడం తెలియడమే కదా నిలబెట్టుకోవడమంటే.

లెక్కతప్పినోడు
తూకంరాయి గారూ, ఆ 1992 అధ్యయనం మీరు మీ వాదానికి వాడుకున్నారు గానీ అది మీకే అడ్డం తిరుగుతుంది. ఆ 47 శాతం తక్కువ చూపించినవాళ్ళు ఏదో నోటిమాటగా చెప్పలేదు. తిన్నది రోజూ రాసుకున్నారు. రాసి మరీ తప్పారు.

ఇక అసలు సంగతి. ఈ 4, 4, 9 అనే లెక్క (గ్రాము పిండిపదార్థానికి 4, ప్రొటీన్‌కి 4, కొవ్వుకి 9) విల్బర్ అట్‌వాటర్ అనే అమెరికా రసాయనశాస్త్రవేత్త 19వ శతాబ్దం చివర్లో కట్టిన సగటు లెక్క. అందరి తిండికీ కలిపితే బాగానే సరిపోతుంది, విడివిడిగా పట్టుకుంటే జారిపోతుంది. బాదంపప్పు చూడండి. 28 గ్రాములకి 170 దాకా కేలరీలని లెక్క. అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకులు మనుషులకి తినిపించి, లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది రెండూ కొలిచి 2012లో చెప్పింది 129. పప్పు కణాల గోడల్లో చిక్కుకున్న కొవ్వు కొంత అరగకుండానే పోతుంది. యాప్ 170 రాస్తుంది, ఒళ్ళు 129 తీసుకుంటుంది.

చేతికి పెట్టుకునే ఫిట్‌నెస్ పట్టీల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు రకాలు పరీక్షిస్తే, ఖర్చైన కేలరీల విషయంలో అన్నిట్లోకీ మంచిది కూడా 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. నడిచాం కదా అని ఆ అంకె చూసి తినేవాళ్ళకి ఒక దండం.

ఇప్పుడు నిలబెట్టుకోవడం దగ్గరికి రండి. ఏడాదికి రెండు కిలోలు పెరగడమంటే, కిలోకి 7700 వేసుకుంటే, రోజుకి 42 కేలరీలు. లోపలికి, బయటికి రెండు పక్కలా వందల్లో తప్పే లెక్కతో 42ని పట్టుకోవడం ఎలా? అది తూకం కాదు, కాకిలెక్క.

తూకంరాయి
తప్పు ఉందని ఒప్పుకుంటాను. కానీ రోజూ ఒకటే తప్పైతే నష్టమేంటి? గోడగడియారం పది నిమిషాలు వెనకుంటుందని తెలిసినవాడు బస్సు తప్పిపోడు. నా యాప్ 1900 చూపిస్తే నా బరువు నిలుస్తుంది. నిజంగా తినేది 2200 అయినా నాకు పట్టింపు లేదు.

లెక్కతప్పినోడు
రోజూ పది నిమిషాలే అయితే మీ మాటే మాట. చుట్టాలొచ్చిన రోజు మీ గడియారం గంట వెనకబడుతుంది. పైగా ఆ రోజు దానివంక చూడరు కూడా.

పథ్యం
నేను డైటీషియన్‌ని, పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని.

ముందు చిన్న సవరణ. 7700ని రోజులకి పంచడం చాలామంది చేసే పొరపాటే. ఒళ్ళు పెరిగితే దాని ఖర్చూ పెరుగుతుంది కాబట్టి పెరుగుదల ఒకచోట ఆగుతుంది. 2011లో కెవిన్ హాల్ బృందం లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఇచ్చిన లెక్క: రోజూ 24 కేలరీలు ఎక్కువైతే చివరికి పెరిగేది దాదాపు ఒక కిలో. అందులో సగం మొదటి ఏడాదిలో, మిగతాది మూడేళ్ళ దాకా. ఇలా చూసినా లెక్కతప్పినోడు గారి మాట ఓడిపోదు. 24 అంటే మూడు నాలుగు బాదం గింజలు. ఏ యాప్‌కి దొరుకుతుంది?

అయితే "కడుపు చెప్పినట్టు తినండి, యాప్ ఎందుకు" అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. తగ్గినవాళ్ళ కడుపు తటస్థంగా ఉండదు. తగ్గిన ప్రతి కిలోకీ ఒంటి ఖర్చు రోజుకి ఇరవై ముప్ఫై కేలరీలు పడిపోతే, ఆకలి వంద దాకా పైకి లాగుతుందని 2016లో ఒక అంచనా వచ్చింది. గోధూళి గారు 14 కిలోలు తగ్గారు. లెక్క వేసుకోండి, ఆవిడ కడుపు ఎటువైపు వాదిస్తోందో.

ఇక యాప్‌లు. 2014లో వచ్చిన ఒక పరీక్షలో బరువు ఎక్కువున్న 212 మందిలో సగం మందికి మైఫిట్‌నెస్‌పాల్ అనే కేలరీల యాప్ ఇచ్చి ఆరు నెలలు చూశారు. రెండు జట్ల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యాప్ చెడ్డదని కాదు, చాలామంది మొదటి నెల దాటాక తెరవడమే తగ్గించేశారు. నా దగ్గరికొచ్చేవాళ్ళలో నేను చూసేదీ ఇదే. ఫోన్ ఇటివ్వండి అని తీసుకుని చూస్తాను. సోమ, మంగళ, బుధ నిండుగా ఉంటాయి, శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఖాళీ. ఆ ఖాళీలోనే వాళ్ళు పెరుగుతున్నారు.

నిలబెట్టుకోవడంలో పనిచేసిందని నేను నమ్మేది 2006 నాటి ఒక ప్రయోగం. రీనా వింగ్ బృందం, 314 మంది, అందరూ అప్పటికే బరువు తగ్గినవాళ్ళు, 18 నెలలు. వాళ్ళకి నేర్పింది ప్రధానంగా రోజూ తూకం ఎక్కడం, అంకె ఆకుపచ్చలో ఉందా పసుపులోనా ఎరుపులోనా చూసుకోవడం, దాన్నిబట్టి కదలడం. 2.3 కిలోలు, ఆపైన తిరిగి పెరిగినవాళ్ళు మామూలు జట్టులో 72 శాతం, ఎదురెదురుగా కూర్చుని నేర్చుకున్న జట్టులో 46 శాతం. అంటే వాళ్ళు తిండిని కాదు, ఒంటిని చదివారు.

తూకంరాయి
46 శాతం పెరిగారన్నమాటేగా అక్కడ కూడా!

పథ్యం
అవునండీ, పెరిగారు. ఈ రంగంలో 46 మంచి అంకె. దానికి ఏడవాలో నవ్వాలో నాకూ తెలియదు.

వెన్నెలబాట
ఈ చర్చలో లెక్క సరైనదా కాదా అనే మాట్లాడుతున్నారు. నేను ఇంకోటి చెబుతాను.

నా లెక్క చాలా సరిగ్గా ఉండేది. చూయింగ్ గమ్ రాసేదాన్ని. మందుబిళ్ళ మీది చక్కెర పూత ఎన్ని కేలరీలో వెతికేదాన్ని. సాయంత్రానికి అంకె ఆకుపచ్చగా ఉంటే మంచిదాన్ని, ఎర్రగా ఉంటే పనికిరానిదాన్ని. అమ్మ వండినది తినడం మానేశాను, ఎందుకంటే అమ్మ తూచి వండదు. పొట్లం మీద అంకె ఉన్నదే తినేదాన్ని. బరువు మాత్రం అద్భుతంగా నిలబడింది. ఇక్కడ పెట్టి ఉంటే అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. చికిత్సకి రెండేళ్ళు పట్టింది.

2017లో తిండి రుగ్మత ఉన్న 105 మందిని అడిగారు. నాలుగింట మూడొంతుల మంది అలాంటి యాప్ వాడారు, వాడినవాళ్ళలో 73 శాతం తమ జబ్బులో దానికి పాత్ర ఉందన్నారు. అది రోగుల మాటే, రుజువు కాదని నాకు తెలుసు. యాప్ లేకపోతే నేను కాగితం మీద రాసేదాన్నేమో కూడా.

గోధూళి గారూ, మిమ్మల్ని ఒకటే అడుగుతాను. ఒక రోజు రాయకుండా పడుకోగలరా? బరువు సంగతి వదిలేయండి. నిద్ర పడుతుందా?

మోడరేటర్
మనవి: ఇకనుంచి ఎవరూ తమ బరువు, రోజువారీ కేలరీల అంకెలు ఇక్కడ రాయవద్దు. పోల్చుకుని బాధపడేవాళ్ళు చదువుతుంటారు. చర్చ కొనసాగించండి.

రాత్రిడ్యూటీ
నేను 1,143 రోజులు రాశాను. వరస తెగింది అమ్మని ఆసుపత్రిలో చేర్చిన రోజు. బయట బెంచీ మీద కూర్చుని ఏదో తిన్నాను, ఏం తిన్నానో కూడా గుర్తులేదు. మర్నాడు ఫోన్ చూస్తే వరస సున్నా. ఇంక రాయబుద్ధి కాలేదు. ఏడు నెలల్లో, అంకె వద్దన్నారు కాబట్టి చెప్పను, పాత ప్యాంట్లు బయటికి తీశాను.

నాకు కోపమొచ్చింది పెరిగినందుకు కాదు. మూడేళ్ళు తూచి తూచి తిన్నవాణ్ణి, కంచం చూసి ఇది నాకు ఎక్కువా తక్కువా చెప్పలేకపోయాను. చిన్నప్పటి నుంచి లెక్కల యంత్రం జేబులో ఉన్నవాడికి ఎక్కాలు రానట్టే. రాయడం వేరు, నేర్చుకోవడం వేరు అని అప్పుడు తెలిసింది.

ఈసారి తిరగేశాను. ముందు కంచం చూసి అంచనా కాగితం మీద రాస్తాను, తర్వాత తూచి చూస్తాను. మొదట్లో నవ్వొచ్చేంత తప్పులు. గింజలు, నూనె దగ్గర సగానికి సగం. ఇప్పుడు చాలావాటిలో పదోవంతు అటూ ఇటుగా చెప్పగలను. నూనె మాత్రం ఇప్పటికీ రాదు, తూకంరాయి గారి సీసా కిటుకు రేపట్నించి మొదలుపెడతాను.

తూకంరాయి
అమ్మగారు ఎలా ఉన్నారిప్పుడు?

రాత్రిడ్యూటీ
బాగున్నారండీ. నన్ను చూసి "ఇప్పుడే మనిషిలా ఉన్నావు" అంటారు.

తూకంరాయి
ఇది చదివాక ఒక మాట ఒప్పుకుంటున్నాను. నేను ఆరేళ్ళు నిలబెట్టానంటే నా ఆరేళ్ళలో పెద్ద ఆపదేమీ రాలేదని కూడా అర్థం. అయినా నా పద్ధతి మార్చను. ఖాళీగా ఉన్న రోజు కనపడితే అదే నాకు హెచ్చరిక గంట. మీరన్న శుక్రవారం ఖాళీ కూడా, పథ్యం గారూ, మీకు తెలిసింది ఆ ఫోన్లో కనపడ్డాకే కదా?

పథ్యం
అదీ నిజమే. అయితే మీకు ఖాళీ కనపడితే తిరిగి రాస్తారు, నా దగ్గరికొచ్చేవాళ్ళు ఖాళీ కనపడితే యాప్ తీసేస్తారు. ఏది మంచి పద్ధతో చెప్పేముందు ఎలాంటి మనిషో చూడాలి. వెన్నెలబాట గారిలాంటి గతం ఉన్నవాళ్ళకి నేను యాప్ చెప్పను, రోజూ తూకం ఎక్కమనీ చెప్పను.

గోధూళి
అందరికీ ధన్యవాదాలు. వెన్నెలబాట గారి ప్రశ్నకి నిన్న రాత్రి జవాబు వెతికాను. రాయకుండా పడుకున్నాను. పన్నెండున్నరకి లేచి రాశాను. కాబట్టి జవాబు నాకు నచ్చలేదు.

ఈ నెలంతా రాయను. పొద్దున్నే తూకం ఎక్కి, ఏడు రోజుల సగటు మాత్రమే చూస్తాను. ఒక్కరోజు అంకె నీళ్ళకీ ఉప్పుకీ కిలో అటూ ఇటూ ఊగుతుందని నాకు తెలుసు. సగటు ఒక గీత దాటితే రెండు వారాలు మళ్ళీ రాత్రిడ్యూటీ గారి పద్ధతిలో రాస్తాను. గీత ఎక్కడో చెప్పను, మోడరేటర్ గారి ఆన. యాప్ తీసెయ్యలేదు, మూడో తెర మీదికి జరిపాను. తూకం అంకె చూసినా ఇలాగే నిద్ర పట్టకపోతే అదీ అటకెక్కిస్తాను. స్నేహితురాలికి కూడా ఫోన్ చేశాను, మళ్ళీ పిలవమని.

తూకంరాయి
ఆరు నెలలయ్యాక ఇక్కడికే వచ్చి అంకె చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

పాతచొక్కా
అంకెలు వద్దన్నారు కదండీ. గుండీ సంగతి చెప్పమనండి, చాలు.