ఉబుంటులో ఒక్కో హెచ్చరికకు ఒక్కో శబ్దం: సొంత ఫైళ్లను ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: వీణాతంత్రి

అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో లినక్సు రకాల్లో ఒకటైన ఉబుంటు 24.04 ఉంది, డెస్క్‌టాప్ దానితో వచ్చిన గ్నోమే. సెట్టింగ్స్‌లోని సౌండ్ పేజీలో హెచ్చరిక శబ్దంగా ఎంచుకోవడానికి కొద్దిపాటి శబ్దాలు మాత్రమే కనిపిస్తున్నాయి, సొంత ఫైలును చేర్చుకొనే వీలు ఎక్కడా కనబడలేదు. పైగా అక్కడ ఎంచుకున్నది అన్ని హెచ్చరికలకూ వర్తించడం లేదు.

నాకు కావలసినవి మూడు. బ్యాటరీ తగ్గినప్పుడు పక్క గదిలో ఉన్నా వినబడేంత గట్టి శబ్దం రావాలి. కొత్త సందేశం వచ్చినప్పుడు మా ఇంట్లో రికార్డు చేసుకున్న వీణ మీటు ఒకటి మెల్లగా మోగాలి. టెర్మినల్‌లో ట్యాబ్ నొక్కినప్పుడల్లా వచ్చే చప్పుడు మాత్రం అసలు ఉండకూడదు. వీణ మీటు ప్రస్తుతం ఎంపీత్రీ ఫైలుగా ఉంది. అసలు ఏ సందర్భానికి ఏ శబ్దం మోగాలో నిర్ణయించేది ఎవరు, ఆ ఫైళ్లు ఎక్కడి నుంచి వస్తాయి అన్నది ఎవరైనా వివరిస్తే మిగిలిన పని నేను చేసుకోగలను.

జవాబు: పాత పెంగ్విన్

మీరు చివర అడిగినదే అసలు ప్రశ్న, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. లినక్సు డెస్క్‌టాప్‌లో ఒక ప్రోగ్రాము సాధారణంగా ఫలానా ఫైలును మోగించమని అడగదు; ఫలానా సంఘటన జరిగిందని ఒక పేరు మాత్రమే చెబుతుంది. బ్యాటరీ తగ్గితే ఆ పేరు ‘బ్యాటరీ-లో’, మరీ అడుగంటితే ‘బ్యాటరీ-కాషన్’, చాట్ సందేశం వస్తే ‘మెసేజ్-న్యూ-ఇన్‌స్టంట్’, ఉత్తరం వస్తే ‘మెసేజ్-న్యూ-ఈమెయిల్’, పెన్‌డ్రైవ్ గుచ్చితే ‘డివైస్-యాడెడ్’. ఈ పేర్లన్నీ ఫ్రీడెస్క్‌టాప్ సంస్థ ప్రకటించిన ప్రమాణంలో ఉన్నాయి. ఆ పేరు అందుకొని, ప్రస్తుత సౌండ్ థీమ్‌లో (అంటే ఎంచుకున్న శబ్దాల కట్టలో) అదే పేరున్న ఫైలును వెదికి మోగించే పని లిబ్‌కాన్‌బెర్రా అనే లైబ్రరీది. అందువల్ల ఫైలుకు వీణ అని పేరు పెట్టి ఏ ఫోల్డరులో ఉంచినా ప్రయోజనం ఉండదు; సంఘటన పేరే ఫైలు పేరు కావాలి.

మీ హోమ్ ఫోల్డరులో డాట్‌లోకల్ (పేరు చుక్కతో మొదలవుతుంది కనుక మామూలుగా కనబడదు), దానిలో షేర్, దానిలో సౌండ్స్ అనే ఫోల్డరు ఉండాలి, లేకపోతే సృష్టించండి. దానిలో మీ థీమ్ పేరుతో, ‘వీణ’ అనుకుందాం, ఒక ఫోల్డరు, ఆ లోపల స్టీరియో అనే మరో ఫోల్డరు పెట్టండి. వీణ ఫోల్డరులో, స్టీరియోకు బయట, ‘ఇండెక్స్.థీమ్’ అనే ఫైలులో ఇవి రాయండి:

[సౌండ్ థీమ్]
నేమ్=వీణ
ఇన్‌హెరిట్స్=యారు
డైరెక్టరీస్=స్టీరియో

[స్టీరియో]
అవుట్‌పుట్‌ప్రొఫైల్=స్టీరియో

(ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, కంప్యూటరులో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి. ఈ ఫైలులో ప్రతి పదానికీ మొదటి అక్షరం పెద్దది, ‘అవుట్‌పుట్‌ప్రొఫైల్’లో మధ్యనున్న ‘ప్రొ’ దగ్గర కూడా పెద్దదే; ‘=’ తర్వాత వచ్చే స్టీరియో, కుండలీకరణాలలోని స్టీరియో మాత్రం చిన్న అక్షరాలలో, ఫోల్డరు పేరు ఎలా ఉందో అలా ఉండాలి. పెద్దక్షరం చిన్నక్షరం తేడా వస్తే లినక్సు దాన్ని వేరే పేరుగానే చూస్తుంది.)

మూడో వరుసను వదిలేయకండి. మీరు రెండు మూడు శబ్దాలే మారుస్తున్నారు కనుక, మీ ఫోల్డరులో లేని ప్రతిదీ ఉబుంటు వారి యారు థీమ్ నుంచి తెచ్చుకోవాలని ఆ వరుస చెబుతుంది.

ఇక ఫైలు రకం. ఈ పద్ధతిలో చెల్లేవి ఓజీఏ, ఓజీజీ, వావ్ మాత్రమే, ఎంపీత్రీ చెల్లదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటరులో తెరిచి ఓగ్ వోర్బిస్‌గా ఎగుమతి చేసి, ‘మెసేజ్-న్యూ-ఇన్‌స్టంట్.ఓజీఏ’ అన్న పేరుతో స్టీరియోలో పెట్టండి. బ్యాటరీ శబ్దాన్ని కూడా అలాగే ‘బ్యాటరీ-లో.ఓజీఏ’గా పెట్టండి. ఈ పేర్లలో ఒక చక్కని ఏర్పాటు ఉంది: అడిగిన పేరుతో ఫైలు దొరకకపోతే చివరి గీత తర్వాతి భాగాన్ని తీసేసి మళ్లీ వెదుకుతుంది. ఇన్‌స్టంట్ లేకపోతే ‘మెసేజ్-న్యూ’, అదీ లేకపోతే ‘మెసేజ్’. ఏదైనా శబ్దం అసలు వద్దనుకుంటే అదే పేరుకు ‘.డిసేబుల్డ్’ అన్న తోక తగిలించిన ఖాళీ ఫైలు పెడితే చాలు.

చివరగా ట్వీక్స్ అనే ప్రోగ్రాములో సౌండ్ థీమ్‌గా మీ వీణను ఎంచుకోండి. ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని హెచ్చరిక శబ్దం జోలికి వెళ్లకండి. అక్కడ ఏదైనా నొక్కితే గ్నోమ్ తనంతట తానే ‘కస్టమ్’ అనే మరో థీమ్ తయారుచేసి, గంట (బెల్) శబ్దాన్ని మాత్రం మార్చి, మీ థీమ్‌ను పక్కకు నెట్టి దాన్ని ఎంచుకుంటుంది. అక్కడి ఎంపిక మీకు అన్ని హెచ్చరికలకూ వర్తించకపోవడానికి కారణం కూడా ఇదే.

జవాబు: కమాండు కాపు

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. టెర్మినల్ చప్పుడు విషయంలో మాత్రం థీమ్ వైపు వెళ్లవద్దంటాను. ‘బెల్-టెర్మినల్’ అన్న పేరు చూసి దాన్ని ఆపితే సరిపోతుందనిపిస్తుంది గానీ, గ్నోమ్ టెర్మినల్ గంట, తెరమీది విండోలను నడిపే విండో మేనేజరు చేతుల మీదుగా ‘బెల్-విండో-సిస్టమ్’ అన్న పేరుతో మోగుతుంది. దాన్ని నోరు మూయిస్తే మిగతా ప్రోగ్రాముల గంటలు కూడా పోతాయి. టెర్మినల్ ప్రిఫరెన్సెస్‌లో మీ ప్రొఫైల్ తెరిచి టెర్మినల్ బెల్ అన్న టిక్కు తీసేయండి. లేదా హోమ్‌లో ‘డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ’ ఫైలులో ‘సెట్ బెల్-స్టైల్ నన్’ అన్న ఒక్క వరుస రాసి టెర్మినల్‌ను మూసి తెరవండి. ట్యాబ్ చప్పుడు మూలంలోనే ఆగుతుంది. రెండోది నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే పెద్ద పని ముగిసినప్పుడు గంట కొట్టమని స్క్రిప్టులో రాసుకుంటే అది మాత్రం వినబడుతూనే ఉంటుంది.

పరీక్షించుకోవడానికి ‘కాన్‌బెర్రా-జీటీకే-ప్లే’ అనే కమాండు ఉంది. దానికి ‘-ఐ’ తర్వాత సంఘటన పేరు ఇస్తే ఆ శబ్దాన్ని అప్పటికప్పుడు వినిపిస్తుంది. బ్యాటరీ తగ్గేదాకా కాచుకోనవసరం లేదు. కొత్త ఫైలు పెట్టినా పాత శబ్దమే వస్తుంటే థీమ్ తప్పని కంగారుపడకండి. వెదికి పట్టుకున్న ఫైళ్ల చిరునామాలను లిబ్‌కాన్‌బెర్రా దాచిపెట్టుకుంటుంది. హోమ్‌లోని డాట్‌క్యాష్ ఫోల్డరులో ‘ఈవెంట్-సౌండ్-క్యాష్’ అని మొదలయ్యే ఫైలును తొలగించి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

మరొకటి: మీటు మొదటి దెబ్బే తెగిపోయి, చివరి భాగం మాత్రం వినబడవచ్చు. కొద్ది సెకన్లు ఏ శబ్దమూ లేకపోతే ఆడియో పరికరం కునుకు తీస్తుంది. అది మేలుకొనే లోపల మీ శబ్దం సగం అయిపోతుంది. బ్లూటూత్ స్పీకర్లలో, హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకి కలిపినప్పుడు ఇది మరీ ఎక్కువ. వీణలాంటి వాద్యానికి మొదటి దెబ్బే ప్రాణం కనుక, ఆడాసిటీలో ఫైలు మొదట్లో అర సెకను నిశ్శబ్దం చేర్చి ఎగుమతి చేయండి.

జవాబు: మింటు చెట్టు

ఇంత శ్రమ ఇష్టంలేని చదువరుల కోసం ఒక మాట. లినక్సు మింట్‌లోని సినమన్ అనే డెస్క్‌టాప్‌లో సౌండ్ సెట్టింగ్స్ లోపల సౌండ్స్ అనే ట్యాబ్ ఉంది; లాగిన్, నోటిఫికేషన్, పరికరం గుచ్చడం వంటి ప్రతి సంఘటనకూ ఎదురుగా ఫైలు ఎంచుకొనే మీట కనిపిస్తుంది. కేడీఈ ప్లాస్మా అనే మరో డెస్క్‌టాప్‌లోనైతే నోటిఫికేషన్ల పేజీలో ఒక్కో ప్రోగ్రామును తెరిచి, దాని సంఘటనలకు విడివిడిగా శబ్దాలు పెట్టుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6 తో ఓషన్ అనే కొత్త సౌండ్ థీమ్ కూడా వచ్చింది. గ్నోమ్ వారు సరళత పేరుతో దాచేసినది మిగతావారు బయటే ఉంచారన్నది నా అభిప్రాయం.

డెస్క్‌టాప్ భాషను తెలుగుగా పెట్టుకున్నవారికి ఇంకో సరదా ఉంది. స్టీరియో ఫోల్డరు లోపల తెలుగు భాషా సంకేతమైన రెండక్షరాల ‘టీఈ’ పేరుతో ఫోల్డరు చేసి, దానిలో ‘బ్యాటరీ-లో’ ఫైలు పెడితే ముందు దానినే మోగిస్తుంది. మా ఇంట్లో ఛార్జరు పెట్టమని మా అమ్మాయి గొంతు చెబుతుంది.

వీణాతంత్రి

అందరికీ కృతజ్ఞతలు. బ్యాటరీ శబ్దం మోగుతోంది, టెర్మినల్ మూగబోయింది, అర సెకను నిశ్శబ్దం చేర్చాక మీటు నిండుగా వినబడుతోంది. అయితే రెండు సందేహాలు. కొన్ని ప్రోగ్రాముల నోటిఫికేషన్లు ఇప్పటికీ శబ్దం లేకుండానే వస్తున్నాయి. ఈమెయిల్ ప్రోగ్రామైన థండర్‌బర్డ్‌లో కొత్త ఉత్తరానికి సొంత ఫైలు ఎంచుకొనే వీలుంది గానీ, నా వీణ ఫోల్డరులోని ఫైలును చూపిస్తే మోగడం లేదు.

పాత పెంగ్విన్

మొదటిదానికి: గ్నోమ్‌లో నోటిఫికేషన్ పంపే ప్రోగ్రాము దానితోపాటు శబ్దం పేరునో ఫైలునో జతచేస్తేనే శబ్దం వస్తుంది, జతచేయకపోతే నిశ్శబ్దమే. మీ థీమ్‌లో ఎన్ని ఫైళ్లు పెట్టినా ఆ ప్రోగ్రాములు వాటిని అడగవు. మీ సొంత స్క్రిప్టుల నుంచి పంపేవాటికైతే ‘నోటిఫై-సెండ్’ అనే కమాండుకు ‘హింట్’ కింద ‘స్ట్రింగ్:సౌండ్-నేమ్:మెసేజ్-న్యూ-ఇన్‌స్టంట్’ అని ఇస్తే వీణ మోగుతుంది. కొన్ని చాట్ ప్రోగ్రాములు తమ శబ్దాన్ని తమలోనే పెట్టుకొని మోగించుకుంటాయి. వాటిని వాటి సెట్టింగ్స్‌లోనే మార్చాలి.

రెండోదానికి: ఉబుంటు 24.04 లో థండర్‌బర్డ్ స్నాప్ రూపంలో, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసి ఉంచే ప్యాకేజీగా వస్తుంది. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను చూసే అనుమతి స్నాప్‌లకు సాధారణంగా ఉండదు, మీ థీమ్ ఉన్నది డాట్‌లోకల్‌లోనే. ఆ ఫైలుకు ఒక నకలు తీసి మ్యూజిక్ ఫోల్డరులో పెట్టి, థండర్‌బర్డ్‌కు దాన్ని చూపించండి. అక్కడ వావ్ రూపంలో ఇస్తే ఇంకా మేలు.