ఫోన్లో పాట "కరకర" అంటోందంటే మా అమ్మ నవ్వింది

మా నాయనమ్మ మంగళహారతులు పాడిన పాత క్యాసెట్ ఒకటుంటే ఎంపీ3లుగా మార్పించి ఫోన్లో వేసుకున్నా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పాటతో పాటు ఒకటే చప్పుడు. ఇక్కడ చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో ఓ రిపేరు కొట్టుకు తీసుకెళ్తే అతను తమిళంలో "కరకర అని వస్తోందా?" అని అడిగాడు, అవునని తలూపేశా. సాయంత్రం నెల్లూరులో ఉన్న అమ్మకి అదే మాట చెప్తే "ఫోను కరకరలాడటమేందిరా, అదేమన్నా మురుకా?" అంది.

నిజమే కదా. తమిళంలో కరకర అంటే బొంగురు గొంతు, పాత రేడియో గోల. మన కరకర పంటి కింద వినపడేది, దానికి వాళ్ళు మొరుమొరు అంటారు. చిన్నయసూరి తెలుగు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటూ నేను రెండు భాషల్నీ కలిపి నమిలేస్తున్నానన్నమాట.

కొట్లో తేలిందేమిటంటే అది ఒక చప్పుడు కాదు, మూడు. ఇయర్‌ఫోన్ పిన్నుని ఫోను రంధ్రంలో పెట్టి అటూ ఇటూ తిప్పాడు, తిప్పినప్పుడల్లా పోపులో ఆవాలు పేలినట్టు చిటపట. ఫోన్ ఆపేసి సన్నటి చెక్కపుల్లతో లోపలినుంచి జేబు నూగు ఇంత ఉండ తీశాడు, చిటపట పోయింది. రెండోది, నాయనమ్మ గొంతు పైకెత్తిన చోటల్లా పాత పంచె చించినట్టు పర్రుమనడం. వాల్యూమ్ తగ్గించినా పోలేదు. వేరే ఫోన్లో పెట్టినా అక్కడే వచ్చింది కాబట్టి తప్పు ఫైల్‌దే: మార్చినవాళ్ళు రికార్డింగ్ లెవెల్ బాగా పెంచేశారు, హద్దు దాటిన శబ్దం నెత్తి తెగిపోయింది. తెగింది సరిగ్గా అతకదు, లెవెల్ తగ్గించి క్యాసెట్ నుంచి మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే. మూడోది సుయ్‌మని సన్నగా, ఆగకుండా. అది టేపుదే, పుట్టుకతో వచ్చింది.

ఇప్పుడు నా ప్రశ్న. వీటన్నిటికీ కలిపి మనకో మాట ఉందా? గరగర అందామా?

ఒక జవాబు:
గరగర గొంతుకి సరే అన్నా, జలుబు చేసినప్పుడు అంటాం. కానీ పాత కావ్యాల్లో గరగరిక అంటే సొగసు, చక్కదనం! నీ పాడైన ఫైల్‌కి ఆ మాట ఇవ్వడానికి నాకు మనసొప్పట్లేదు. పైగా సుయ్ అన్నావు చూడు, అది తప్పు. పెనం మీద నీళ్ళు చిలకరిస్తే సుయ్‌మని ఆగిపోతుంది. ఆగనిదాన్ని హోరు అనాలి.

ఇంకొకరు:
బ్లూటూత్‌లో వచ్చేదాన్ని మాత్రం వీటిలో కలపకండి. బ్లూటూత్ తిరిగే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల దగ్గరే చాలాసార్లు వైఫై కూడా తిరుగుతుంటుంది కాబట్టి ఒకదానికొకటి అడ్డొస్తే పాట ముక్కలుముక్కలుగా వస్తుంది. మా ఇంట్లో "పాట నత్తి కొడుతోంది" అంటాం. అది శబ్దం కాదు, శబ్దం లేకపోవడం.

నేను:
నత్తి బ్రహ్మాండం, వాడేసుకుంటా. సుయ్ విషయంలో ఒప్పుకుంటున్నా. కానీ హోరు అంటే మెరీనాలో నిలబడ్డట్టు ఉంటుంది, ఇదేమో చెవి పెడితేగానీ వినపడదు. బుస అందామంటే నాయనమ్మ పాట పక్కన పాముని కూర్చోబెట్టినట్టు అవుతుంది. నిన్న రాత్రి ఆ ఫైల్ అమ్మకి పంపించా. రెండుసార్లు విని, "చప్పుడేముందిరా, ఆమె పాడతా ఉంటే వెనక ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుంది" అంది.