పది సెంట్ల పెరట్లో పాతిక రకాలా, ఐదారు చాలా?

పెరటిపిచ్చి:
తెనాలి దగ్గర మా ఊళ్లో ఇంటి వెనక పది సెంట్లు ఖాళీగా ఉంది. మృగశిర కార్తెకి మొదలుపెడదామని పాతిక రకాల చిట్టా రాశాను: మామిడి, సపోటా, పనస, జామ, నిమ్మ, బొప్పాయి, మునగ, కింద కూరగాయలు, ఆకుకూరలు. "అంగడి పెడతావా?" అని నాన్న నవ్వుతున్నారు. ఇన్ని వద్దనేవాళ్లు ఎందుకో చెప్పండి.

మెట్టరైతు:
చిట్టాలో తప్పు లేదు, లెక్కలో ఉంది. మామిడికి పాత లెక్కన 30 అడుగుల ఎడం, అంటే చెట్టుకు 900 చదరపు అడుగులు. మీ పది సెంట్లు 4,356. ఐదు మామిళ్లకే చాలదు. నేను ఎనిమిది సెంట్లలో పద్దెనిమిది చెట్లు పెట్టాను. మూడేళ్లు బ్రహ్మాండం. ఐదో ఏటికి కొమ్మలు కలిసిపోయాయి. నీడలో నిమ్మ పూత మానేసింది. బెండ మనిషెత్తు పెరిగి మొక్కకు రెండు కాయలు. కాపుకొచ్చిన సపోటా కొట్టించిన రోజు మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

మిద్దెతోట అక్క:
అన్నయ్యా, అది రకాల తప్పా, కత్తెర పట్టని మీ తప్పా? కాపు అవగానే కత్తిరిస్తే జామ చేతికందే ఎత్తులోనే ఉంటుంది. పోయినేడు నా బీర, కాకర పండు ఈగ పాలయ్యాయి. ఏ కాయ కోసినా లోపల తెల్ల పురుగులే. గోంగూర, బచ్చలి, మునగ ఉన్నాయి కాబట్టి వంట ఆగలేదు. ఆ బీర, కాకర పాదులే నమ్ముకుని ఉంటే?

కరీంనగర్ తమ్ముడు:
మీ పంచాయితీ బాగుంది గానీ, మా దిక్కు కోతులున్నయ్. జామ పిందె కూడా ఉండనియ్యవు. ఇప్పుడు నా దగ్గర మిగిలినవి పసుపు, కంద, నిమ్మ, కరివేపాకు. ఎన్ని రకాలుండాలో కోతులే తేల్చినయ్.

మెట్టరైతు:
అక్కా, కత్తెర మాట ఒప్పుకుంటాను. కానీ ఊళ్లో ఉండనివాళ్లకు ఏటా వచ్చి ఎవరు కత్తిరిస్తారు? ఇంకోటి, నాటు బొప్పాయి గింజ వేస్తే మగ చెట్లు కూడా వస్తాయి. గుంటకు మూడేసి నాటి, పూత చూశాక ఆడది ఉంచండి.

పెరటిపిచ్చి:
చిట్టాలోంచి పనస కొట్టేశాను. మామిడి ఒక్కటే, కూరమళ్ల మీద నీడ పడకుండా ఉత్తరం వైపు. సపోటా మాత్రం తీయను, అమ్మ అడిగింది.

మెట్టరైతు:
అయితే దాని చుట్టూ ఇప్పుడే 25 అడుగులు వదిలేయండి బాబూ. ఖాళీ కనిపిస్తోంది కదా అని మధ్యలో జామ పెట్టొద్దు.

మిద్దెతోట అక్క:
పెడతాడు చూడండి.