అసిట్రోమ్ డోసు మా ఊరి పీహెచ్‌సీలోనే రాయకూడదా?

కుప్పం కొడుకు: మా అమ్మకు తిరుపతిలో గుండెలోని మైట్రల్ వాల్వు మార్చినారు, లోహపుది. రక్తం పల్చబడే అసిట్రోమ్ మాత్ర జీవితాంతం వేసుకోవాల. రక్తం ఎంత పల్చగుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా చూపించేదానికి తెల్లారకముందే బస్సెక్కిస్తాం. అక్కడ రెండే నిమిషాలు. "బాగుందమ్మా, అదే డోసు." దానికి ఒక రోజు కూలి పాయె, తోడు పోయినోళ్లదీ పాయె. రక్తం ఇక్కడే తీసి, డోసు మా పీహెచ్‌సీ డాక్టరే రాస్తే తప్పేముంది?

పీహెచ్‌సీ డాక్టరు: తప్పని కాదు, భయం. మైట్రల్ లోహపు వాల్వుకు ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. మరీ పెరిగితే మెదడులో రక్తస్రావం. ఓపీ నిండా జ్వరాలూ బీపీలూ ఉంటే, మధ్యలో ఒక చీటీ చూసి అర మాత్ర తగ్గించమని రాయడానికి నాకు చెయ్యి రాదు. పైగా ల్యాబు మారితే నంబరు మారుతుంది.

ల్యాబ్ టెక్నీషియన్, చిత్తూరు: నంబరు ఒక్కోసారి ట్యూబు దగ్గరే చెడిపోతుంది సార్. నీలం మూత ట్యూబులో, రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఒక పాలుకు రక్తం తొమ్మిది పాళ్లు పడాలి. నరం దొరక్క సగమే నింపితే ఐఎన్ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి డోసు తగ్గిస్తే ఇంకేముంది! గీత దాకా నిండని ట్యూబును నేను వెనక్కి పంపిస్తా, తిట్టినా సరే.

ఫార్మసిస్టు అక్క, పలమనేరు: డాక్టరు గారూ, పెద్దాసుపత్రికి కనపడనిది మనకు కనపడుతుంది. విరేచనాలకు మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు కోట్రైమోక్సజోల్. రెండూ ఐఎన్ఆర్‌ను పైకి లేపేవే, ఇచ్చేది మనమే. మోకాళ్ల నొప్పికి ఆర్ఎంపీ వేసే డైక్లోఫెనాక్ సూది సంగతి సరేసరి. నెలాఖరు బస్సు దాకా ఆ ప్రమాదం ఆగుతుందా? బ్రిటన్‌లో చాలా చోట్ల ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల్లోనే వేలికొస రక్తంతో చూసి డోసు రాస్తారు. నిలకడగా ఉన్న మనిషికి ఒక్కసారి ఐఎన్ఆర్ హద్దుకు 0.5 లోపు అటూ ఇటూ అయితే, డోసు ముట్టుకోకుండా వారం రెండు వారాల్లో మళ్లీ చూడమని 2012 అమెరికా ఛాతీ వైద్యుల మార్గదర్శకాలే చెప్పాయి.

పీహెచ్‌సీ డాక్టరు: 0.5 తగ్గితే 2.0 అమ్మా. మైట్రల్ వాల్వుకు ఆ నంబరు చూసి నాకు నిద్ర పట్టదు.

పుంగనూరు తమ్ముడు: ఈ గోలంతా ఎందుకు? పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చినాయి కదా.

ఫార్మసిస్టు అక్క: లోహపు వాల్వుకు పనికిరావు తమ్ముడూ. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన ప్రయోగాన్ని గడ్డలూ రక్తస్రావమూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, 2013లో అచ్చయింది.

పీహెచ్‌సీ డాక్టరు: సరే, ఇంతవరకు ఒప్పుకుంటా. హద్దులో ఉంటే పాత డోసే రాస్తా. కొత్త మందు ఏదైనా ఇచ్చినప్పుడు నాలుగైదు రోజుల్లో రక్తం తీయిస్తా. డోసు మార్చాల్సి వస్తే మాత్రం ఫోన్ చేసి అడిగాకే.

ఫార్మసిస్టు అక్క: ఫోన్ ఎవరికి సార్? ఆదివారం చిగుళ్లలో రక్తం కారితే?

కుప్పం కొడుకు: డిశ్చార్జి కాగితం మీద ఒక నంబరుందక్కా. పగలు ఎత్తుతారు, రాత్రి ఎత్తరు. ఈసారి పోయినప్పుడు ఇంకో నంబరు రాయించుకొని గానీ బస్సెక్కను.