24 గంటల అటెండెంట్‌కి ఆఫ్‌లు ఎలా సర్దాలి?

ప్రశ్న:
హైదరాబాద్‌లో ఉంటాం. నాన్నగారు పక్షవాతంతో మంచం మీదే ఉన్నారు. రైల్స్ ట్యూబ్ (ముక్కు గుండా పొట్టలోకి ఫీడ్ పంపే గొట్టం), యూరిన్ బ్యాగ్ ఉన్నాయి. ఇంట్లోనే ఉండే అటెండెంట్‌ని ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నాం. నెలకు రెండు ఆఫ్‌లు, ఆ రోజుల జీతం కట్ అని ఏజెన్సీ లెక్క. ఆయన ఆఫ్ అడగట్లేదు గానీ పగలంతా కునికిపాట్లు పడుతున్నారు. పనిగంటలు, సెలవులు ఎలా పెట్టుకోవాలి?

జవాబు 1:
ఆఫ్ ఎందుకు అడగట్లేదో మీరే రాశారండీ: జీతం కట్. ఇంటికి డబ్బు పంపాల్సిన మనిషి కోత పడే సెలవు ఎందుకు తీసుకుంటారు? ఓపిక ఉన్నన్నాళ్లు లాగి, ఓ రోజు ఊరెళ్తారు, ఆపైన ఫోన్ స్విచాఫ్.

వారానికి 24 గంటలు, జీతంతో ఆఫ్ అని రాయించుకోండి. రోజు కూలికి నెల జీతాన్ని 30తో కాదు, వారం ఆఫ్‌లు పోగా మిగిలే 26 పనిరోజులతో భాగించాలి. 26,000 అయితే రోజుకు 1,000. ఆఫ్ రోజున మీ అవసరానికి ఆపితే ఆ 1,000 అదనం. వరుసగా రెండు వారాలు మాత్రం ఆపొద్దు. "ఆదివారం ఆఫ్" అని వదిలేయకుండా శనివారం సాయంత్రం 6 నుంచి ఆదివారం సాయంత్రం 6 అని గంటలు వేయండి. లేదంటే పొద్దున ఒళ్లు తుడిచి, ఫీడ్ పెట్టి 11కి బయల్దేరి, రాత్రి డైపర్ టైముకి వచ్చేస్తారు. అది పూట సెలవే.

మనవాళ్లు ఇంటిపనికి వెళ్లే కువైట్‌లోనే 2015 నాటి 68వ చట్టం రోజుకు 12 గంటలకు మించొద్దంటుంది. వారానికో రోజు సెలవు, ఏడాదికి జీతంతో 30 రోజులు ఇవ్వమంటుంది. అక్కడ అమలు సంగతి వేరే కథ.

జవాబు 2:
కునికిపాట్లకు మూలం రాత్రి డ్యూటీ. మంచం పక్కన నోట్‌బుక్ పెట్టి, లేచిన ప్రతిసారీ టైము రాయించండి. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పేషెంటుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలంటే రాత్రి 10 నుంచి పొద్దున 6 లోపే 12కి, 2కి, 4కి లేవాలి. దగ్గు, డైపర్ పైన. రోజూ మూడుసార్లు లేచే మనిషి పగలు కూడా చేయలేరు. రాత్రి 8 నుంచి పొద్దున 8 వరకు వేరే మనిషిని పెట్టాలి. ఎయిర్ బెడ్ వేశాం కదా అని పక్క మార్చడం మానకండి. ఒళ్లు చూసి వ్యవధి పెంచొచ్చో లేదో డాక్టరో నర్సో చెప్పాలి.

ఫీడ్ పెట్టేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, అయ్యాక కూడా అరగంట నుంచి గంట అలాగే ఉంచాలి. అంటే రాత్రి 10 గంటల ఫీడ్‌తో పని అయిపోయేది 11కి. ఆ గంట కూడా డ్యూటీయే. మధ్యాహ్నం రెండు గంటలు వేరే గదిలో పడుకోనివ్వండి. పేషెంటు మంచం పక్కన చాప వేసుకుంటే మూలిగిన ప్రతిసారీ లేవాల్సిందే.

జవాబు 3:
వారానికి 24 గంటలు అందరికీ కుదరదు. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్లకు రాను పోను రెండు రాత్రులు బస్సులోనే పోతాయి. వాళ్లకు వారానికి అర రోజు ఇచ్చి, మిగిలిన సగాలు కూడబెట్టండి. రెండు నెలలకు నాలుగు రోజులవుతాయి. అంతకు మించి పోగుపడనివ్వకూడదు. సంక్రాంతి, దసరా తేదీలు నెల ముందే తేల్చుకోండి, పండక్కి రిలీవర్లు (ఆఫ్ రోజున బదులు వచ్చేవాళ్లు) దొరకరు.

రిలీవర్‌ని రెండు గంటలు ముందే రప్పించండి. ఎన్ని ఎం.ఎల్. ఫీడ్, ఏ టైముకి, ముక్కు దగ్గర ట్యూబ్ మీద గుర్తు ఎక్కడుంది, చివరిగా ఏ పక్కకు తిప్పారు అన్నవి పాతాయనే చూపించాలి. గుర్తు ఉన్న చోటు నుంచి కదిలిందంటే ఫీడ్ పెట్టొద్దు, నర్సుని పిలవాలి. ఇన్సులిన్ ఉంటే ఆ రోజు ఇంట్లోవాళ్లే చూసుకోవడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
జీతంతో ఆఫ్‌కి ఏజెన్సీ ఒప్పుకోకపోతే?

జవాబు 1:
బిల్లులో ఆఫ్ రోజుని డ్యూటీ రోజుగానే వేయమనండి, రిలీవర్‌కి విడిగా బిల్లు. చేతికి నేరుగా డబ్బిస్తే చాలా ఏజెన్సీలు గొడవపెట్టుకుంటాయి. ఆఫ్ రోజు డబ్బు ఏజెన్సీ నుంచి ఆయనకు చేరిందో లేదో మాత్రం నెలాఖరున ఆయన్నే అడగండి. వారం ఆఫ్ అయితే నెలకు నాలుగు రోజులు ఇద్దరికీ ఇవ్వాల్సొస్తుంది, ముందే బడ్జెట్‌లో వేసుకోండి.