నరం 'మార్పిడి' అనాలా, 'మళ్లింపు' అనాలా?

గుణుపురం నుంచి: మా బావ బండి మీంచి పడ్డాడు. ఎముకలేం విరగలేదు గానీ కుడి భుజం లేవదు, మోచెయ్యి మడవలేడు, వేళ్లు మాత్రం బాగానే ఆడుతున్నాయి. బరంపురం డాక్టరుగారు ఒడియాలో 'స్నాయు' తెగింది, ఇంకో స్నాయు తెచ్చి కలపాలి అన్నారట. నాన్నేమో స్నాయువంటే కండని ఎముకకి కట్టి ఉంచేది కదా అంటారు. పక్కింటాయన 'నరం మార్పిడి' అనేసరికి అక్కకి ఒకటే టెన్షన్, కిడ్నీలాగ నరం మనలో ఎవరో ఇవ్వాలేమో అని. దీనికి సరైన తెలుగు మాట ఏదండీ?

సిరొంచ నుంచి: మా వైపు ఇంకో తమాషా. మరాఠీలో 'స్నాయూ' అంటే ఏకంగా కండరమే! ఒకటే సంస్కృత పదం, మీ ఒడియాలో నరం, మా మరాఠీలో కండ, మన బడి పుస్తకంలో స్నాయుబంధనం అని ఆ రెండూ కాని మూడోది. హాయిగా నరం అనండి.

పర్లాకిమిడి నుంచి: నరం కూడా తక్కువ తిన్నదేం కాదు. సెలైన్‌కి నరం దొరకలేదంటే అది రక్తనాళం, మెడ నరం పట్టేసిందంటే చాలాసార్లు కండ, నరాల బలహీనత అన్నప్పుడే అసలు నరం. అయినా సందర్భం చూసి జనం తేల్చుకుంటారు లెండి, ఇక్కడ చిక్కంతా 'మార్పిడి'తోనే. నేను ఫిజియోథెరపీలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. మెడలోంచి చేతికి వచ్చే నరాల వేర్లు ఐదు. మీ బావగారు చెప్పే లక్షణాలు చూస్తే పై రెండూ దెబ్బతిన్నట్టున్నాయి. వేరు వెన్నుపాము దగ్గరే ఊడిపోతే మళ్లీ కుట్టి పని చేయించడం కుదరదు. అందుకని మోచేతికి తగిలితే జివ్వుమంటుందే, ఆ నరంలోంచి ఒకటి రెండు పోగులు తీసి, చెయ్యి మడిచే కండకి వెళ్లే నరానికి కలుపుతారు. ఫ్రాన్స్‌లో ఒబెర్లిన్ బృందం 1994లో ప్రచురించిన పద్ధతి ఇది. పోగులు రోగివే, ఇచ్చేవాళ్లెవరూ ఉండరు, మిగతా పోగులుంటాయి గనక వేళ్ల పనీ మామూలుగా పోదు. నిండుగా ఉన్న కాలువ నుంచి ఎండిన కాలువకి నీళ్లు తిప్పినట్టే. నా ఓటు 'నరం మళ్లింపు'కే. ఇంకో వింత, మొదట్లో పిడికిలి బిగిస్తేనే మోచెయ్యి మడుస్తుంది, ఎందుకంటే ఆ పోగులకి తెలిసింది ఆ పనే. వ్యాయామం చేయగా చేయగా మెదడు కొత్త దారి పట్టుకుంటుంది.

సిరొంచ నుంచి: 'అంటు' అంటే బాగోదా? మామిడి అంటులా వినసొంపుగా ఉంది.

పర్లాకిమిడి నుంచి: ఆ మాట వేరే ఆపరేషన్‌కి ఉంచాలండీ. పిక్క వెనక నుంచి స్పర్శ నరం ముక్క తీసి, తెగిన రెండు కొసల మధ్య వేస్తారే, అది అంటు. 'బదిలీ' అంటే అర్థం కుదురుతుంది గానీ ఆఫీసు వాసన.

గుణుపురం నుంచి: మళ్లింపు అనగానే అక్క తేలికపడింది. దెబ్బ తగిలి ఇప్పుడు నాలుగో నెల, పంట కోతలయ్యాక చేయించుకుంటానంటున్నాడు బావ.

పర్లాకిమిడి నుంచి: కోతలు ఎవరైనా కోస్తారండీ. నరం పెరిగేది రోజుకి మిల్లీమీటరు, అందుకే కండకి దగ్గర్లో కలుపుతారు. ఏడాది, ఏడాదిన్నర నరం అందకపోతే కండ ఇక దాన్ని తీసుకోదు. ఆరు నెలల లోపు చేయించడం మంచిది. ఈ వారమే వెళ్లి తేదీ తీసుకోండి, ఈలోపు మోచెయ్యి బిగుసుకోకుండా రెండో చేత్తో మడుస్తూ చాపుతూ ఉండమనండి.